ఎదురు బరువు

ఎమ్మిగనూరు రోడ్డులో, జిన్నింగు మిల్లు దాటినాక
రేకుల షెడ్డు. బోర్డు లేదు.
గోడమీద సున్నంతో ఎవరో రాసినారు:
"జాయింటు రాడ్లు సరి చేయబడును".
ఆ "సరి" దగ్గర సున్నం కారి
గోడ అడుగుదాకా జారింది.

నా ట్రాక్సు పాత రాడ్డు
కౌతాళం దారిలో, కూలోళ్ళు పదహైదుమంది ఉండగా
ఒక్క చప్పుడుతో రోడ్డు మీద పడుకుంది.
ట్రాక్టరు కట్టి లాక్కొచ్చి ఆదోనిలో పెట్టినా బండిని.
కొత్తది కొనే తాహతు యాడిది?
గుంతకల్లు గుజిరీలో వానకు నానిన రాడ్డొకటి,
ఎవరి బండిదో, ఎన్ని ఊర్లు తిరిగిందో,
భుజాన మోసుకొని బస్సెక్కినా.
కండక్టరు దానిక్కూడా లగేజీ కొట్టినాడు.

"క్రాసులేసి బిగించు పెద్దాయనా,
నాలుగింటికి ట్రిప్పుంది" అన్నా.
హుసేనప్ప రాడ్డు వైపు చూసినాడు, నా వైపు కాదు.
"ఉండబ్బా. ముందు తిప్పి చూడాల."

లేతు మీదికెక్కింది రాడ్డు.
మొదట మెల్లగా, దారం కండె తిరిగినట్టు.
తర్వాత జోరుగా.
తర్వాత షెడ్డు రేకులన్నీ పండ్లు కొరికినాయి.
డబ్బాలో నట్లు నడిచినాయి.
బల్ల అంచుదాకా నడిచిన టీ గ్లాసును
నేను పట్టుకున్నా.

"ఒక పక్క బరువుంది దీనికి.
పండుకోనున్నప్పుడు కనపడదు.
తిరిగేటప్పుడే తెలుస్తాది."

సుద్దముక్క తీసినాడు.
అప్పుడు చూసినా ఆ చెయ్యి.
ఇంజను ఆపినాక కూడా అదిరే సైలెన్సరు మాదిరి
వణుకుతా ఉంది.
మోచేయి వైసుకు ఆనిచ్చినాడు. ఆగలే.
ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టినాడు. రెండూ వణికినాయి.
నేను చూడనట్టు
రేకు సందులోంచి కొండమీది గుండ్లు లెక్కబెట్టినా.

"నువ్వు పట్టుకో" అన్నాడు.
"నువ్వు తాకించొద్దు. అదే వచ్చి తాకుతాది."

పదకొండేండ్లు స్టీరింగుతో కొట్లాడిన చెయ్యి,
ఒక సుద్దముక్కను ఊరికే ఉంచేది
ఇంత కష్టమని ఎవరూ చెప్పలే.
ఊపిరి బిగబట్టినా. వెంట్రుకంత ఎడం.
ఇంకొంచెం.
టిక్.

నల్లని గొట్టం మీద బొటనవేలంత గీత,
దిష్టిచుక్క తెల్లగా పెట్టినట్టు.

"ఇక్కడ అరగదీద్దామా?" అన్నా.
నవ్వినాడు. పై పండ్లు రెండే.
"గొట్టం పలచన. గీకితే మెలిపడి చస్తాది.
బరువు తీసేది కాదబ్బా,
ఎదురుగా ఇంకోటి పెట్టేది."

రేడియేటరు గొట్టం క్లిప్పులు రెండు
గీతకు సరిగ్గా ఎదురుపక్క.
స్క్రూడ్రైవరు గాడి తప్పింది మూడుసార్లు,
నాలుగోసారి కూచుంది.
తిప్పు. ఆపు. వేలెడు ఇటు జరుపు.
తిప్పు. ఆపు. అరవేలు అటు.
నాలుగైంది. ఫోను మోగింది. మళ్ళీ మోగింది.
మేస్త్రి ఉరుకుందమ్మ తిట్లు
జేబులోనే ఉండనిచ్చినా.

పదమూడోసారో పద్నాలుగోసారో
రాడ్డు తిరుగుతా ఉందా నిలబడి ఉందా తెలీలే.
చల్లారిన టీ మీద మీగడ కదల్లే.
హుసేనప్ప అరచెయ్యి బేరింగు మీద పెట్టి
కండ్లు మూసుకున్నాడు.
ఆ కాసేపు ఆ చెయ్యి వణికిందో లేదో
నేను చెప్పలేను.

క్లిప్పులు తీసి, వాటంత బరువే ఉండే ఇనుపముక్క
రెండు చుక్కలు వెల్డింగు పెట్టినాడు.
బాణం గుర్తులు రెండూ ఒక వరసలో ఉండేట్టు
బండికింద పండుకొని బిగించింది నేనే.
"సుద్ద నువ్వే పట్టినావు గదా" అని
నూరు తగ్గించినాడు.

పొద్దు గూకేవేళకు పత్తిచేల కాడికి పోయినా.
తిట్టి, ఎక్కి కూచున్నారు ఆడోళ్ళు.
నలభై. యాభై.
అరవై కాడ అదురు రావాల, అద్దం ఊగాల,
నా దవడ దానంతటదే బిగుసుకుంది.
రాలే.

అప్పుడు వినబడినాయి వెనక మాటలు.
ఎవరి బిడ్డకో జరం. ఎవరికో తూకంలో మోసం.
ఉరుకుందమ్మ గొంతు, జాలిగా:
"ఈ డ్రైవరు చెవిటోడు పాపం.
ఎన్నేండ్ల నుంచి పిలుస్తాండాం, ఒకనాడన్నా పలికినాడా?"

అద్దంలో చూసినా.
అద్దం నిలబడి ఉంది.
ఒక్కొక్క మొహం ఒక్కొక్కటిగా ఉంది.

ఇంకో రెండు మైళ్ళు
చెవిటోని మాదిరే నడిపినా.